వుచాలె సంధి – కౌంటు ఆంతొనెల్లి రాయబారము

రెండు రాజ్యములవారు సంధి చేసికొని దానిని రెండు భాషలలో వ్రాసికొనునపుడు, ఆ రెండు పాఠములును నొకే యర్థమును జెప్పుచున్నవని పత్రమునందే వ్రాసికొనుట యాచారము. అట్లు వ్రాసికొనుట వేఱు. అవి యట్లుండుట వేఱు. 1889వ సంవత్సరము మే 2వ తేదీని ఇటలీకిని, అబిసీనియా యనియుఁ బేరుగల ఇతియోపియాకును నడుమ వుచాలె యను దండువిడిదియందు జరిగిన సంధి యిందులకుఁ బ్రసిద్ధమైన యుదాహరణము. అందలి 17వ నిబంధనలో నొక్క క్రియాపదము ఇటలీభాషయం దొక తీరునను, అమ్హారిక్ భాషయందు వేఱొక తీరునను వ్రాయఁబడెను. ఆ భేద మేడేండ్లు నిండకమునుపే యుద్ధముగాఁ బరిణమించెను.

ఆ సంధిని నడపిన రాయబారి కౌంటు పియెత్రో ఆంతొనెల్లి. అతని వృత్తాంతమును, ఆ క్రియాపదము నర్థమును గలిపి విచారించుట యీ వ్యాసముయొక్క ప్రయోజనము. చరిత్రకారులు సాధారణముగా నీ భేదమును ‘వచ్చును’, ‘వలయును’ అను రెండు మాటలలో సంగ్రహింతురు. అది కొంతవఱకే నిజము. ఇటలీపాఠమునందు ‘వలయును’ అను నర్థముగల పదమే లేదు. లేని యర్థ మెట్లు వచ్చెను, ఎవ్వరు తెచ్చిరి యనునది తెలిసికొననిదే ఆంతొనెల్లి పాలి దోషమును, ఇతరుల పాలి దోషమును వేఱుపఱచుటకు వలనుపడదు.

ఆంతొనెల్లి 1853లో రోమునగరమున జనించెను. తొమ్మిదవ పయస్ పోపునకుఁ జిరకాలము మంత్రియై యుండిన కార్డినల్ జాకొమో ఆంతొనెల్లి యీతనికిఁ బినతండ్రి వరుస బంధువు. 1870లో ఇటలీరాజు సేనలు రోమును బట్టుకొని పోపు రాజ్యాధికారము నంతమొందించినవి. పోపు మంత్రి యింటి బిడ్డఁడు ఆ క్రొత్త రాజ్యమునకే సేవకుఁడై సముద్రములు దాఁటి పోవుట ఆ కాలపు మార్పునకు నిదర్శనము.

1876లో ఇటలీ భూగోళపరిషత్తువారు ఒరాత్సియో ఆంతినోరి యను ముదుసలి శాస్త్రజ్ఞుని నాయకత్వమున ఇతియోపియా దక్షిణభాగమునందలి షోవా దేశమున కొక బృందమును బంపిరి. షోవారాజగు మెనెలిక్ వారికి అంకోబరు నగరసమీపమున లెత్ మరేఫియా యనుచోట స్థలమిచ్చి ఆదరించెను. అచ్చటికి 1879లో నిరువదియాఱేండ్ల ప్రాయమున ఆంతొనెల్లి చేరెను. నాఁటినుండి పదియేండ్లకు మించి యాతఁడు ఆ దేశమునకు వచ్చుచుఁ బోవుచు, రాజు కొలువునఁ బరిచయము పెంచుకొనుచు, అచ్చటి భాషతోడను ఆచారములతోడను నెయ్యము గడించెను. మొదట దేశసంచారిగా వచ్చినవాఁడు క్రమముగా వర్తకమునకు మధ్యవర్తియు, తుదకు రాయబారియు నయ్యెను.

ఈ స్నేహమునకు రెండు ప్రక్కలను బ్రయోజనములు కలవు. మెనెలిక్ నాఁటికి సామ్రాట్టు గాఁడు. ఉత్తరమునఁ జక్రవర్తియైన నాలుగవ యోహన్నెసునకు లోఁబడిన రాజు. అతని దేశమునకు సముద్రతీరము లేదు. తుపాకులు పరదేశమునుండి రావలసినదే. ఇటలీకో, ఎఱ్ఱసముద్రతీరమున అస్సబు రేవు మాత్రము చేతనుండెను. దానిని 1869లో రుబత్తినో యను నోడల సంఘమువారు కొనఁగా, 1882లో ప్రభుత్వము స్వాధీనపఱచుకొనెను. రేవున్నను వెనుకభూమిలో మిత్రుఁడు లేనిచో నిష్ఫలము. కావున ఆంతొనెల్లి 1883లో మెనెలిక్కుతో నొక స్నేహవాణిజ్యసంధిని జేసి, అస్సబునకును షోవాకును నడుమ అఫారుల యెడారిలోనున్న ఔస్సా సుల్తానుతోడను సమాధానము గుదిర్చి, ఆ మార్గమును దెఱపించెను. సాహసమునను ఓర్పునను నాతఁడు తక్కువవాఁడు గాఁడని యీ కార్యము చాటుచున్నది.

1885 ఫిబ్రవరిలో ఇటలీవారు ఉత్తరమున మస్సావా రేవును గూడ నాక్రమించిరి. అందువలన యోహన్నెసుతో వైరము పొడమెను. 1887 జనవరి 26వ తేదీని డోగలియొద్ద రాస్ అలూలా యను సేనాని సుమారు 500 మంది ఇటలీసైనికులను హతముచేసెను. శత్రువునకు సామంతుఁడైన మెనెలిక్కును దమవంకకుఁ ద్రిప్పుకొనుట ఇటలీ కవసరమయ్యెను. ఆ యేఁటి అక్టోబరు నెలలో ఆంతొనెల్లి మెనెలిక్కుతో నొక యొడంబడిక చేసెను. దాని ప్రకారము 5,000 రెమింగ్టన్ తుపాకులు షోవాకుఁ జేరును. మెనెలిక్ ఇటలీకి విరోధముగా నిలువఁడు. 1889 మార్చిలో యోహన్నెస్ సూడాను సరిహద్దున మెతెమ్మాయొద్ద మహదీ సేనలతోఁ బోరుచు గాయపడి మరణించెను. మెనెలిక్ రాజాధిరాజ బిరుదము వహించెను. రెండు నెలలు దాఁటకమునుపే వుచాలె సంధి ముగిసెను. ఆంతొనెల్లి పదియేండ్ల పరిశ్రమకు ఫలము చేతికందెను.

ఈ సంధి 20 నిబంధనలు గలది. ఇరుప్రక్కలవారును నొకరి కొలువునకు నొకరు రాయబారులను బంపుకొనవచ్చునని 2వ నిబంధన. ఇటలీ యధీనభూమికిని ఇతియోపియాకును ఎల్ల యెచ్చటనో 3వది తెలుపును. సంధి రెండు భాషలలో వ్రాయఁబడినదనియు, అవి సంపూర్ణముగా నేకీభవించుచున్నవనియు, రెండును సమానప్రమాణములనియు 19వది ఘోషించును. ఈ నిబంధనను జదువరులు జ్ఞప్తియం దుంచుకొందురుగాక. వివాద మంతయు 17వ దానియందే.

అమ్హారిక్ పాఠము ననుసరించి దాని భావ మిది: ఐరోపా రాజులతోఁ దమకుఁ గలుగు కార్యములయందు ఇతియోపియా రాజాధిరాజులవారికి ఇటలీ ప్రభుత్వముయొక్క సహాయమును వినియోగించుకొనుట సాధ్యమగును. ఇందలి క్రియ ‘యిచ్చాలచ్చెవాల్’. అది సామర్థ్యమును దెలుపు ధాతువునుండి పుట్టినది. ‘వారికి శక్యమగును’ అని దాని కర్థము. రాజు నుద్దేశించుటచే గౌరవార్థమున బహువచనము వచ్చినది. మనము ‘వారికి’ అనునట్లే వారును బూజ్యుల విషయమున బహువచనమును వాడుదురు.

ఇటలీపాఠమునఁ గ్రియ ‘కొన్సెంతె’ అనునది. ‘అంగీకరించుచున్నాఁడు’ అని దాని కర్థము. అన్య రాజ్యములతోఁ దనకుఁ గలుగు సకలవ్యవహారములకును రాజాధిరాజు ఇటలీ ప్రభుత్వమును వినియోగించుకొనుట కంగీకరించుచున్నాఁడని వాక్యార్థము.

ఇఁక వీనిని శాస్త్రదృష్టితోఁ బరిశీలింతము. పాణిని లిఙ్ లకారమునకు విధి మొదలగు నర్థములను జెప్పి, శక్యార్థమునఁ గూడ దానినిఁ బ్రత్యేకముగా విధించెను. కృత్యప్రత్యయములు ఆజ్ఞయందును, అనుజ్ఞయందును, శక్యమునందును గూడ వచ్చును. కాఁబట్టి సంస్కృతమున ‘కర్తవ్యమ్’ అన్నచో నది యాజ్ఞయో, అనుజ్ఞయో ప్రకరణమువలన నిర్ణయింపవలసి యుండును. అమ్హారిక్ వాక్యమున నట్టి సందేహమున కవకాశము లేదు. అచ్చట ధాతువే శక్యార్థకము. తెలుఁగున ‘చేయవచ్చును’ అనుదానిని ‘చేయవలయును’ అని యే బాలుఁడును గ్రహింపనట్లే, ఆ దేశమువా రెవ్వరును దానిని విధిగా గ్రహింపరు.

ఇటలీవాక్యము నడిమి మెట్టున నున్నది. అంగీకారము శక్యముకంటె నెక్కువ, విధికంటెఁ దక్కువ. శక్యమునందుఁ గర్త స్వతంత్రుఁడు, ఇష్టమున్నఁ జేయును, లేకున్న మానును. అంగీకారమునందు నెదుటివాఁ డడుగఁగా నీతఁ డొప్పుకొనెనను భావ ముండును. మానుటకు స్వాతంత్ర్యము కొంత సన్నగిల్లును. అయినను ‘ఇటలీ ద్వారముననే’ యను నేవకార మచ్చట లేదు. మీమాంసకులు పరిసంఖ్యావిధి యనునొకదానిని జెప్పుదురు. ఒకదానిని విధించినట్లు కనఁబడుచు, తక్కినవానిని నిషేధించుటయే దాని తాత్పర్యము. ‘ఇటలీని వినియోగించుకొనును’ అను వాక్యమునుండి ‘ఇతరులతో స్వయముగా మాటలాడరాదు’ అను నర్థమును రాఁబట్టవలెనన్నఁ బరిసంఖ్య నాశ్రయింపవలెను. దానికిఁ దగిన శబ్ద మా రెండు పాఠములలో దేనియందును లేదు.

కావున అర్థము రెండు మెట్లు జరిగినది. ‘శక్యము’ అనుచోట ‘అంగీకారము’ నిలిచినది మొదటిది. ఇది వుచాలెలో జరిగెను. ‘అంగీకారము’ను ‘నిర్బంధము’గా జదివినది రెండవది, ఇది రోమునగరమున జరిగెను. మొదటిదానికి ఆంతొనెల్లి యుత్తరవాది. రెండవదానికిఁ బ్రధానమంత్రియు విదేశాంగమంత్రియుఁ దానేయైన ఫ్రాంచెస్కో క్రిస్పి యుత్తరవాది.

ఆ రెండవ మెట్టెట్లు జరిగెనో చూతము. సంధి ముగియఁగానే మెనెలిక్ తన బంధువగు రాస్ మకోన్నెనును రాయబారిగా ఇటలీకిఁ బంపెను. 1889 అక్టోబరు 1వ తేదీని అచ్చట ననుబంధమైన యొడంబడిక జరిగెను. అందు మెనెలిక్కునకు 40 లక్షల లీరాల ఋణము, హరారు సుంకపు రాఁబడి పూచీగా, ఏర్పాటయ్యెను. మకోన్నెన్ ఇటలీలో నుండఁగానే, అక్టోబరు 11వ తేదీని క్రిస్పి ఐరోపా రాజ్యములకు 17వ నిబంధనను దెలియఁజేసెను. 1885 నాఁటి బెర్లిను సామాన్యశాసనము 34వ నిబంధన ప్రకారము, ఆఫ్రికాతీరమునఁ గ్రొత్తగా సంరక్షకత్వము వహించువారు దానిని తక్కిన రాజ్యములకుఁ బ్రకటింపవలసి యుండెను. క్రిస్పి చేసిన ప్రకటన ఆ నిబంధన ననుసరించినది. అనఁగా స్వతంత్రరాజ్యమైన ఇతియోపియా ఇటలీ రక్షణమునఁ జేరినదని లోకమునకుఁ జాటుటయే. సంధిపత్రమున ‘సంరక్షణము’ అను మాట లేదు. ప్రకటనవలననే యది పుట్టెను.

మెనెలిక్ ఈ మార్పు నెఱుఁగఁడు. నవంబరు 3వ తేదీని ఎంతొత్తోలోఁ బట్టాభిషిక్తుఁడై, డిసెంబరులో ఐరోపా రాజులకుఁ దానే నేరుగా లేఖలు వ్రాసెను. బ్రిటిషు రాణి విక్టోరియా 1890 ఫిబ్రవరిలో వ్రాసిన ప్రత్యుత్తరమున, ఇఁకమీఁద నుత్తరప్రత్యుత్తరములు ఇటలీ ప్రభుత్వము ద్వారమున జరుగునని సూచించెను. జర్మనీనుండి వచ్చిన జాబును నట్టిదే. ఆ జాబులు చూచి మెనెలిక్ రెండు పాఠములను సరిపోల్పించెను. 1890 సెప్టెంబరు 27వ తేదీని ఇటలీరాజు ఉంబెర్తోకు లేఖ వ్రాసి, రెండు పాఠములును సరిపడుట లేదనియు, స్నేహభావమున ఇటలీ సాయముతో వ్యవహారములు నడపవచ్చునని తానొప్పుకొనెనే కాని యట్లు నడపి తీఱవలెనని యెన్నఁడు నొప్పుకొనలేదనియుఁ దెలిపెను.

చిక్కు విప్పుటకు మరల ఆంతొనెల్లియే పంపఁబడెను. 1890 డిసెంబరులో నాతఁడు అడ్డిస్ అబాబా చేరెను. ఒకప్పుడు స్నేహితుఁడై మెలఁగిన కొలువున నిప్పుడు ప్రతివాదియై నిలువవలసి వచ్చెను. ఇటలీ తాను రాజ్యములకుఁ జేసిన ప్రకటనను దప్పని చెప్పుకొనలేదనియు, అట్లు చెప్పినచో తమ దేశగౌరవమునకు హాని యనియు నాతఁడు వాదించెను. రాణి తాయ్తు దానికి సమాధానము చెప్పెను: తామును తమ పాఠమున కర్థము వేఱని యా రాజ్యములకుఁ దెలిపి యున్నారు; ఇటలీకి గౌరవ మున్నట్లే తమకును గలదు; ఇతియోపియాను ఇతరులు ఇటలీ యధీనముగాఁ జూచుట యెన్నటికిని జరుగదు. ఆ మాటలోని న్యాయమునకు 19వ నిబంధనయే యాధారము. రెండు పాఠములును సమానప్రమాణములని వ్రాసినవాఁ డాంతొనెల్లియే కదా! తన పాఠమే ప్రమాణమని యిప్పు డెట్లు పలుకఁగలఁడు?

1891 ఫిబ్రవరిలో సమాధానము కుదిరినట్లే తోఁచెను. 17వ నిబంధన నిలిచి యున్నదను తలంపుతో ఆంతొనెల్లి యొక పత్రమున కొప్పుకొనెను. పిదపఁ బరిశీలింపఁగా అమ్హారిక్ పాఠమున నది రద్దయినట్లు వ్రాయఁబడి యున్నదని తెలిసెను. కుపితుఁడై దానిని నిరాకరించి యా నెలలోనే దేశమును విడిచి పోయెను. ఒక మాటవలన నెదుటివారికిఁ గలిగిన చిక్కు, ఇంకొక మాటవలనఁ దనకే కలిగెను. ఆ తరువాత నాతఁడు మెనెలిక్కుతో మఱి రాయబారము నడపలేదు.

వుచాలెలో ఆంతొనెల్లి యెఱిఁగియే మోసగించెనా, ఎఱుఁగక పొరపడెనా? ఈ ప్రశ్నపై విద్వాంసులు వాదించిరి. దోషమును మెనెలిక్ కొలువునందలి దుబాసి యోసేఫ్ నెగూసెపై మోపినవారును గలరు. 1964లో స్వీడనుదేశీయుఁడగు స్వెన్ రూబెన్సన్ రెండు పాఠములను శోధించి ఆంతొనెల్లిని దోషిగా నిర్ణయించెను. మఱుసటి యేఁట ఇటలీవాఁడగు కార్లో జీల్యో యాతని సద్భావమును సమర్థించెను. 1966లో రూబెన్సన్ మరల సమాధానము వ్రాసెను.

మనస్సులోని మాట నిర్ణయించుటకు వ్యాకరణము చాలదు. కాని యొకటి మాత్రము చెప్పవచ్చును. వాక్యతాత్పర్యము సందిగ్ధమైనప్పుడు వక్త తరువాతఁ జేసిన పనిని జూడవలెను. మెనెలిక్ తన పాఠమున నున్నట్లే నడచెను: కొన్నిట ఇటలీ సాయము గైకొనెను, కొన్నిట స్వయముగా జాబులు వ్రాసెను. దాఁచి వ్రాయలేదు. తాను స్వాతంత్ర్యము వదలుకొంటినని యెఱిఁగినవాఁడు పట్టాభిషేకమైన నెలదినములకే యంత బాహాటముగా రాజులకు వ్రాయఁడు. ఆంతొనెల్లి సంగతి యట్లు గాదు. పదియేండ్లా దేశమున మెలఁగినవాఁడు, ఆ భాషతోఁ బరిచయము గలవాఁడు, రెండు పాఠములును ఏకీభవించుచున్నవని సంతకము చేసెను. దుబాసి చెప్పినదానిని విశ్వసించి చేసెనందుమా, పరీక్షింపక ప్రమాణము చేసిన దోషము తప్పదు. పరీక్షించి చేసెనందుమా, అంతకంటె గొప్ప దోషము. ఏది యైనను దుబాసిపై మోపి తప్పించుకొను తెఱవు లేదు.

తరువాతి కథ సంగ్రహముగాఁ జెప్పెదను. 1891 మార్చి, ఏప్రిలు నెలలలో బ్రిటను, ఇటలీలు తమలోఁ దాము హద్దులు పంచుకొని ఇతియోపియాను ఇటలీ పాలిటికి విడిచిరి. అదే ఏప్రిలులో మెనెలిక్ తన రాజ్యపు టెల్లలను బేర్కొనుచు రాజ్యములకు లేఖ లంపెను. 1893 ఫిబ్రవరిలో వుచాలె సంధిని ద్యజించుచున్నట్లు ప్రకటించెను. ఆంతొనెల్లి ఇటలీ శాసనసభలో సభ్యుఁడై, 1894లో క్రిస్పి ప్రభుత్వమున విదేశాంగశాఖకు నుపమంత్రియై, తాను పదియేండ్లు శ్రమపడి కట్టిన స్నేహము యుద్ధముగా మాఱుటను రాజధానిలోఁ గూర్చుండి చూచెను. పిమ్మట దక్షిణ అమెరికాకు రాయబారిగాఁ బోయి, ఏఁబదియేండ్లు నిండకమునుపే 1901లో దివంగతుఁ డయ్యెను.

1896 మార్చి 1వ తేదీని ఆద్వాయొద్ద జరిగిన యుద్ధమున సేనాపతి బరాతియేరి నడపిన ఇటలీసేన ఛిన్నాభిన్న మయ్యెను. ఆ పక్షమునఁ బోరిన యిటలీవారును, ఎరిత్రియా సైనికులును గలిసి సుమారు 6,000 మంది మడిసిరి. ఇతియోపియావారును వేలకొలఁది హతులైరి. క్రిస్పి పదవి విడిచెను. ఆ యేఁటి అక్టోబరు 26వ తేదీని అడ్డిస్ అబాబాలోఁ గ్రొత్త సంధి జరిగెను. దానివలన వుచాలె సంధి రద్దయ్యెను. ఇతియోపియా పూర్ణస్వాతంత్ర్యమును ఇటలీ యంగీకరించెను. ఇచ్చట నొక విశేషము గమనింపఁదగినది. ఆ సంధి అమ్హారిక్, ఫ్రెంచి భాషలలో వ్రాయఁబడెను. ఇటలీభాషా పాఠమున కందుఁ జోటు లేదు.

మన దేశపు తామ్రశాసనములలో నొక పద్ధతి కలదు. తూర్పుచాళుక్యుల దానపత్రములు పెక్కింట రాజవంశప్రశస్తి సంస్కృతమున నుండఁగా, దత్తభూమి యెల్లలు మాత్రము దేశభాషలోఁ గానవచ్చును. ప్రశస్తి పండితులకు, ఎల్లలు ఆ యూరి కాఁపులకు. పొలిమేర ఏ చెట్టునొద్ద మలఁగునో, ఏ గుంటయొద్ద ముగియునో దానికిఁ గట్టువడవలసినవారికిఁ దెలియవలెను గదా. ఎవ్వరు కట్టువడవలయునో వారి భాషలో నున్న మాటయే కట్టు. వారి కర్థము గాని భాషలో నున్న మాట వారిని గట్టఁజాలదు.

ఆంతొనెల్లి ఈ ధర్మమును 19వ నిబంధనయందుఁ దానే వ్రాసి, 17వ దానియందుఁ దానే మీఱెను. ఎడారిమార్గమును దెఱచినవాఁడు, కొలువునఁ జనువు సంపాదించినవాఁడు, తన యెదుటివారి భాషను సమానప్రమాణముగాఁ బత్రమున నంగీకరించియు మనస్సున నంగీకరింపలేకపోయెను. ఆ దేశమువారు మాత్రము తమ మాటను దమ వ్యాకరణము ననుసరించియే చదివిరి.